ఇంటి డిపాజిట్టు సొమ్ముకు రుజువు: బ్రిటన్‌లో ఒక నియమం పుట్టిన చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• బ్రిటన్‌లో గృహరుణ సంఘాలు ఎలా మొదలయ్యాయో వివరించగలుగుతారు.
• డిపాజిట్టు సొమ్ము మూలాన్ని అడిగే నియమానికి దారితీసిన చట్టాలను కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• ఈ నియమం ఎవరికి భారమైందో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

బ్రిటన్‌లో ఇల్లు కొనేవారు ధరలో కొంత భాగాన్ని సొంతంగా చెల్లించాలి. దీన్ని డిపాజిట్టు అంటారు. మిగిలిన మొత్తాన్ని బ్యాంకు గాని, బిల్డింగ్ సొసైటీ గాని ఆ ఇంటినే తనఖా పెట్టుకొని రుణంగా ఇస్తుంది. ఈనాడు డిపాజిట్టు సొమ్ము ఖాతాలో ఉంటే చాలదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలతో చూపాలి. ఈ నియమం గృహరుణాలతోపాటే పుట్టి ఉంటుందని మీరు అనుకోవచ్చు. కాని గృహరుణాలకు రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉండగా, ఈ నియమానికి మూలమైన చట్టాలు 1980లలోగాని రాలేదు.

2. చీటీని పోలిన సంఘాలు

మనకు తెలిసిన మొదటి బిల్డింగ్ సొసైటీ 1775లో బర్మింగ్‌హామ్ నగరంలోని గోల్డెన్ క్రాస్ అనే సత్రంలో ఏర్పడింది. సత్రం యజమాని రిచర్డ్ కెట్లీ పేరుమీదనే దాన్ని పిలిచేవారు. ఇటువంటి సంఘాల్లో సభ్యులు నెలనెలా చందా కట్టేవారు. తగినంత సొమ్ము కూడినప్పుడల్లా ఒక సభ్యుడికి ఇల్లు సమకూరేది. ఎవరి వంతు ముందో తేల్చడానికి చాలాచోట్ల చీట్లు తీసేవారు. అందరికీ ఇళ్లు సమకూరాక సంఘం రద్దయ్యేది. మన ఊళ్లలో చీటీపాటలు ఎరిగిన మీకు ఈ పద్ధతి కొత్తగా తోచదు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. సభ్యుడి సొమ్ము ఎక్కడిదని ప్రత్యేకంగా అడగవలసిన అవసరం లేదు. అతడు నెలనెలా కట్టడం తోటి సభ్యులు చూస్తూనే ఉన్నారు. సంఘం లెక్కల పుస్తకమే రుజువు. 1836, 1874 చట్టాలు ఈ సంఘాలకు చట్టబద్ధత కల్పించాయి. క్రమంగా అవి శాశ్వత సంస్థలుగా మారాయి.

3. తెలిసినవారికే రుణం

ఇరవయ్యవ శతాబ్దంలో సొసైటీలు పెద్దవైనా పాత అలవాటు పోలేదు. రుణానికి ఇవ్వదగిన సొమ్ము తక్కువగా ఉన్న కాలంలో, తమవద్ద దాచుకొన్నవారికే మొదట రుణమిచ్చేవి. ఈ పద్ధతిలో పరిచయమే అర్హత. కనుక పరిచయం లేనివారు బయటే మిగిలారు. రెండవ ప్రపంచయుద్ధం తరవాత కరీబియన్ దీవుల నుంచి, దక్షిణాసియా నుంచి వచ్చినవారికి గృహరుణం దొరకడం కష్టమైంది. ఇళ్లు, సేవల విషయంలో జాతివివక్షను నిషేధించే చట్టం 1968లో గాని రాలేదు.

జమైకా నుంచి వచ్చినవారు దీనికి తమ దారి వెతుక్కొన్నారు. ‘పార్డ్‌నర్’ అనే చేతి చీటీ వేసుకొని, వంతు వచ్చినప్పుడు అందిన సొమ్మును డిపాజిట్టుగా కట్టారు. ఆ సొమ్ముకు నమ్మకమే హామీ.

4. మాదకద్రవ్యాల నుంచి తనఖా దాకా

మార్పు గృహరంగం నుంచి రాలేదు. నేరపరిశోధన నుంచి వచ్చింది. 1986 నాటి మాదకద్రవ్యాల వ్యాపార నేరాల చట్టం, ఆ వ్యాపారపు లాభాలను దాచడంలో తోడ్పడటాన్ని నేరంగా ప్రకటించింది. 1989లో పారిస్‌లో జరిగిన ఏడు సంపన్న దేశాల సమావేశం, అక్రమ ధన చలామణిని అరికట్టడానికి ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్‌ను ఏర్పాటుచేసింది. ఆ సంస్థ 1990లో 40 సిఫారసులు చేసింది. 1991లో ఐరోపా సముదాయం ఆదేశం జారీచేసింది. దాన్ని అనుసరించి బ్రిటన్ రూపొందించిన నిబంధనలు 1994 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చాయి. ఖాతాదారు ఎవరో నిర్ధారించుకోవడం బ్యాంకుల విధి అయింది.

2002 నాటి నేరార్జిత ధన చట్టం దీన్ని అన్ని నేరాలకూ విస్తరింపజేసింది. అనుమానించదగిన కారణం ఉండీ తెలియజేయని బ్యాంకు ఉద్యోగికి ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. 2004 నుంచి న్యాయవాదులు, ఇళ్ల ఏజెంట్లు కూడా ఈ నిబంధనల కిందికి వచ్చారు. ఇల్లు కొనేవారిని రుణసంస్థ ఒకసారి, న్యాయవాది మరొకసారి ఒకే ప్రశ్న వేయడానికి కారణం ఇదే. ఎవరికి వారు చట్టానికి జవాబుదారులు.

5. ఏమి అడుగుతారు? ఎందుకు?

రెండు మాటల మధ్య తేడాను మీరు గుర్తుంచుకోవాలి. నిధుల మూలం అంటే ఈ కొనుగోలుకు వాడే సొమ్ము ఏ ఖాతా నుంచి, ఏ లావాదేవీ వల్ల వచ్చిందన్నది. సంపద మూలం అంటే ఆ వ్యక్తి మొత్తం ఆస్తి ఎలా సమకూరిందన్నది. మొదటిది సాధారణ కొనుగోలుదారుకు వర్తిస్తుంది. రెండోది ముఖ్యంగా రాజకీయ పదవుల్లో ఉన్నవారి విషయంలో, ప్రమాదం ఎక్కువనుకొన్న సందర్భాల్లో అడుగుతారు.

తల్లిదండ్రులు సొమ్ము ఇస్తే, అది బహుమతేనని, అప్పు కాదని, ఇంటిలో తమకు వాటా ఉండదని లేఖ రాసి ఇవ్వాలి. ఇందులో నేరనివారణతోపాటు రుణసంస్థ స్వప్రయోజనం కూడా ఉంది. అది అప్పే అయితే కొడుకో కూతురో తీర్చవలసిన భారం పెరుగుతుంది. వాటా ఉంటే ఇంటిని వేలం వేయడం చిక్కవుతుంది.

6. తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే చిక్కు

లండన్‌లో ఉద్యోగం చేసే బిడ్డకు గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో తల్లిదండ్రులు సొమ్ము పంపుతారనుకొందాం. రిజర్వు బ్యాంకు 2004లో ప్రవేశపెట్టిన సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. పంపడం సులువే, దాని వెనుక కథను చూపడమే కష్టం. పొలం అమ్మితే రిజిస్టరైన దస్తావేజు ఉంటుంది. కాని దస్తావేజులో తక్కువ విలువ రాయించి మిగిలింది నగదుగా పుచ్చుకొంటే, ఆ నగదుకు రుజువు ఉండదు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం కింద నమోదైన చీటీకి రసీదులుంటాయి. ఇరుగుపొరుగు వేసుకొన్న చేతి చీటీకి ఉండవు. అమ్మమ్మ ఇచ్చిన బంగారానికి బిల్లు ఎవరు దాస్తారు?

చరిత్ర విద్యార్థులుగా మీకు తెలుసు: పత్రం లేనంత మాత్రాన సంఘటన జరగలేదని చెప్పలేం. అలాగే కాగితం లేని సొమ్మంతా అక్రమం కాదు. కాగితాలున్నదంతా సక్రమమూ కాదు. బ్రిటన్‌లో ఆస్తులు కొన్న విదేశీ కంపెనీల అసలు యజమానులు ఎవరో నమోదు చేయాలన్న చట్టం 2022లో గాని రాలేదు. సామాన్య ఖాతాదారును ప్రశ్నించడం మొదలైన 28 ఏళ్లకు ఆ వంతు వచ్చిందన్నమాట.

7. సారాంశం

గృహరుణ సంఘం మొదట చందాదారుల పరస్పర పరిచయం మీద నిలిచింది. సంస్థలు పెరిగి, సొమ్ము దేశాలు దాటడంతో పరిచయం స్థానాన్ని పత్రం ఆక్రమించింది. పాత పద్ధతి అపరిచితులను దూరం పెట్టింది. కొత్త పద్ధతి రంగునూ ఊరునూ అడగదు గాని, చేతి చీటీతో, నగదుతో, బంగారంతో పొదుపు చేసేవారిని ఇబ్బందిపెడుతోంది.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తొలి బిల్డింగ్ సొసైటీలను చీటీలతో పోల్చండి.
2. 1986 నుంచి 2004 వరకు వచ్చిన చట్టపరమైన మార్పులను వివరించండి.
3. మీ కుటుంబం పొదుపు చేసే పద్ధతుల్లో వేటికి రాతపూర్వక ఆధారం ఉందో, వేటికి లేదో పట్టిక తయారుచేయండి.