సైబరాబాదున పోరు రోబోల చక్రబలము

1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్సును ప్రారంభించిన పిమ్మట సైబరాబాదను ఈ శిలాభూమికి దక్కిన కీర్తి సాఫ్ట్‌వేరుది. మోటారు బిగించి గేరు కూర్చు హస్తకౌశలమునకు ఇచట చిరకాలము స్థానము స్వల్పమే కాగా, ఎలక్ట్రానిక్ విడిభాగములకు కోఠిలోని గుజరాతీ గల్లీయే పేరెన్నికగన్నది.

అట్టి హస్తకౌశలమునకు పరీక్షవంటిదై, 1994లో మార్క్ థార్ప్ శాన్‌ఫ్రాన్సిస్కోలో నెలకొల్పిన రోబో యుద్ధక్రీడ క్రమముగా మన ఇంజనీరింగు కళాశాలల ఉత్సవములలోను పాదుకొనెను. అందు జయాపజయములు ఆయుధము వలననే కాక, చక్రములను త్రిప్పు మోటారు వలనను, దాని గేరు నిష్పత్తి వలనను నిర్ణయింపబడును. నిమిషమునకు 10,000 చుట్లు తిరుగు మోటారునకు 20:1 గేరు కూర్చినచో వేగము 500 చుట్లకు తగ్గి, ఘర్షణనష్టము పోను, త్రిప్పుబలము ఆ మేరకు హెచ్చును. 6 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రముతో రోబో సెకనుకు సుమారు ఒకటిన్నర మీటరు సాగును. ప్రత్యర్థిని నెట్టునపుడు మోటారు స్తంభించుటకు ముందే చక్రము జారునట్లు నిష్పత్తి నెంచుట ప్రాజ్ఞుల పద్ధతి; ఏలయన స్తంభించిన మోటారులోనికి విద్యుత్తు వెల్లువెత్తి తీగచుట్లు మాడిపోవును.

2023 మార్చి 2న రాయదుర్గమున 78,000 చదరపు అడుగుల టీ-వర్క్స్ అను నమూనా నిర్మాణకేంద్రము ప్రారంభమగుటతో, ఇట్టి నమూనాయంత్రములను స్వయముగా నిర్మింపదలచువారికి ఈ సీమలోనే పనిముట్లు సమకూరినవి. కోడు వ్రాయు యువతీయువకులారా, ఒక్క గేరుపెట్టెనైనను విప్పి చూడుడు. చేతికి అలవడనిదే యంత్రవిద్య సంపూర్ణము కానేరదు.