తాగే చెరువు, చూసే చెరువు

మా గుడ్లవల్లేరు నుంచి పిల్లల్ని హైదరాబాదు తీసుకెళ్ళినవాళ్ళు ట్యాంక్‌బండ్ చూపించకుండా తిరిగి రారు. లుంబినీ పార్కులో పడవ ఎక్కించి, నీళ్ళ మధ్య బుద్ధుణ్ణి చూపించి, మొక్కజొన్న కండె కొనిపెడితే వాళ్ళకి పండగే. నాకు మాత్రం ఆ హుస్సేన్ సాగర్ కథ తెలుసుకున్నకొద్దీ మన ఊళ్ళ మంచినీళ్ళ చెరువే గుర్తొస్తుంది. బిందె మోసిన ఆడవాళ్ళకి బాగా అర్థమయ్యే కథ అది.

ఈ చెరువుని 1562లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, హుస్సేన్ షా వలీ అనే ఆయన దగ్గరుండి కట్టించారు. చార్మినార్ కట్టింది 1591లో. అంటే చెరువుకి దాదాపు ముప్ఫై ఏళ్ళు వచ్చాక హైదరాబాదు నగరం పుట్టిందన్నమాట. వాగుకి అడ్డంగా గట్టు వేసి, అది చాలక మూసీ నుంచి కూడా కాలువ తవ్వి నీళ్ళు తెచ్చారు. మనకి ఇది కొత్తేమీ కాదు. మా వైపు చాలా ఊళ్ళల్లో బోరు వేస్తే ఉప్పునీళ్ళే. అందుకే ఎండాకాలంలో కృష్ణ కాలువకి నీళ్ళు వదలగానే చెరువు నింపుకుంటాం. నగరమైనా పల్లెటూరైనా బతుకు ముందు నీళ్ళతోనే మొదలవుతుంది.

చాలాకాలం హైదరాబాదు ఈ చెరువు నీళ్ళే తాగింది. 1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చి నగరాన్ని ముంచేసింది. అలాంటిది మళ్ళీ రాకూడదని మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరద ఆగింది, మంచినీళ్ళూ అక్కడి నుంచే రావడం మొదలైంది. హుస్సేన్ సాగర్ నీళ్ళు తాగాల్సిన అవసరం తీరిపోయింది.

ఆ చెరువు తలరాత మారింది అక్కడేనని నాకనిపిస్తుంది. మంచినీళ్ళ చెరువుకి వేరే కాపలా అక్కర్లేదండీ. ఎవరైనా అందులో కాళ్ళు కడిగినా, గేదెని దించినా, బిందె పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళే కేకలేస్తారు. ఆ నీళ్ళు సాయంత్రం తన ఇంట్లో పిల్లలు తాగాలి కదా! కుళాయి వేరేచోటి నుంచి వచ్చాక ఆ కేకలేసేవాళ్ళు ఉండరు.

తర్వాత నగరం పెరిగింది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు మురుగునీళ్ళు తెచ్చి చెరువులో కలిపాయి. ఫ్యాక్టరీల వ్యర్థాలు కూడా వచ్చి పడ్డాయి. మన వంటింటి నీళ్ళు, బట్టలుతికిన సబ్బు నీళ్ళు చెరువులో కలిస్తే అవి ఎరువు వేసినట్టే పనిచేస్తాయి. నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. అవి చచ్చి కుళ్ళేటప్పుడు నీళ్ళల్లోని ప్రాణవాయువు అయిపోతుంది. చేపలు తేలిపోతాయి, కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. మన పంట కాలవల్లో గుర్రపుడెక్క చూసినవాళ్ళకి దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

విచిత్రమేమిటంటే, నీళ్ళు పాడవుతున్న ఆ రోజుల్లోనే గట్టు అందంగా తయారైంది. మన గుడివాడకి దగ్గర్లోని నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా, 1986లో ట్యాంక్‌బండ్ మీద తెలుగు మహనీయుల విగ్రహాలు పెట్టించారు. అందులో మనవాళ్ళు ఎంతమందో చూడండి. మొవ్వ క్షేత్రయ్య, కూచిపూడి సిద్ధేంద్రయోగి, బందరులో కృష్ణాపత్రిక నడిపిన ముట్నూరి కృష్ణారావు, మా పక్కనే అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి. కృష్ణా ఆనకట్టతో మన పొలాలకి నీళ్ళొచ్చేందుకు పాటుపడిన కాటన్ దొర కూడా అక్కడే ఉన్నాడు. ఆడవాళ్ళలో రుద్రమదేవి, మొల్ల ఉన్నారు.

బుద్ధుడి విగ్రహం ఆలోచనా రామారావు గారిదే. భువనగిరి దగ్గర రాయిగిరి కొండరాతిని తొలిచి, సుమారు 350 టన్నుల ఏకశిలా విగ్రహం చెక్కారు. 1990 మార్చి 10న చెరువులోకి తీసుకెళ్తుంటే పడవ ఒరిగి విగ్రహం మునిగిపోయింది, పనివాళ్ళ ప్రాణాలూ పోయాయి. రెండున్నరేళ్ళకి పైగా నీళ్ళడుగున ఉండి, 1992 డిసెంబరు 1న లేచి నిలబడింది. సరిగ్గా అదే మార్చి 10న, 2011లో, తెలంగాణ ఉద్యమంలో గట్టు మీది విగ్రహాలు కొన్ని కూలాయి. తర్వాత మళ్ళీ నిలబెట్టారు. 1994లో వచ్చిన లుంబినీ పార్కులో 2007 ఆగస్టు 25న బాంబు పేలింది. అదే సాయంత్రం కోఠీ గోకుల్ చాట్‌లోనూ పేలింది. రెండుచోట్లా కలిపి నలభైమందికి పైగా పోయారు. సరదాగా బయటికొచ్చినవాళ్ళు ఇంటికి చేరలేదు. అయినా జనం ఆ పార్కుకి వెళ్ళడం మానలేదు.

ఉత్తరపు ఒడ్డున దామోదరం సంజీవయ్య గారి పేరుమీద పెద్ద పార్కు ఉంది. పొద్దున్నే నడకకి వచ్చే ఆడవాళ్ళు, చెట్ల మీద పిట్టలు, నీళ్ళల్లో నీటికాకులు, ఒడ్డున కొంగలు. అంత మురుగులోనూ పక్షులు ఇంకా ఆ చెరువుని వదల్లేదు. ఆడవాళ్ళనీ అంతే అనుకోండి. వెనకటికి చెరువు గట్టుకి వెళ్ళాలంటే చేతిలో బిందె ఉండాలి. నాలుగు కబుర్లు చెప్పుకోవాలన్నా నీళ్ళ వంక చెప్పాల్సిందే. ఏ వంకా లేకుండా, చేతులూపుకుంటూ నీళ్ళ ఒడ్డున కూర్చునే వీలు పార్కు ఇచ్చింది. అది చిన్న సంగతని నేననుకోను.

కానీ చూసే చెరువుకి కూడా కేకలేసేవాళ్ళు కావాలి. పూడిక తీయడానికి, మురుగు మళ్ళించడానికి ఎన్నో ఏళ్ళుగా కోట్లు ఖర్చవుతూనే ఉన్నాయి. వినాయక నిమజ్జనంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మల మీద 2021లో హైకోర్టు ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. పాడైన నీళ్ళని బాగుచేసుకోవడం అంత తేలిక కాదు మరి.

ఇప్పుడు మా వైపు ఊళ్ళల్లో కూడా ఇంటింటికీ ఇరవై లీటర్ల టిన్ను వస్తోంది. చెరువుకి వెళ్ళేవాళ్ళు తగ్గారు. హైదరాబాదుకి వందేళ్ళ కిందట జరిగిందే మన గట్టు మీద ఇప్పుడు మొదలవుతోంది. ఈ వేసవిలో కాలువ నీళ్ళు వదిలినప్పుడు బిందె లేకపోయినా సరే, ఒకసారి మీ ఊరి చెరువు దాకా వెళ్ళి చూసి రండి. చెత్త కనపడితే పంచాయతీలో అడగండి.