వరాహం పోయినా వరహా మిగిలింది

భద్రాచల రామదాసు తాను చేయించిన నగల ఖరీదును కీర్తనలో వరహాల్లోనూ ఏకరువు పెట్టాడు. వరహా అంటే బంగారు నాణెమని మనకు తెలుసు. ఆ మాటలో ఒక అడవిపంది ఉన్న సంగతి మాత్రం బళ్లో చదివినప్పుడు మనలో ఎవరికీ తట్టినట్టు లేదు.

నాణేలపై జంతువులు మనకు కొత్త కాదు. కోటిలింగాల వంటి చోట్ల దొరికిన శాతవాహనుల నాణేల మీద ఏనుగు, సింహం, గుర్రం కనిపిస్తాయి. వాటిలో చాలా వరకు సీసంవి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పెద్ద కొలిమి అక్కర్లేదు. ఇంజనీరుగా నాకు నచ్చిన విషయం అది. పక్కన రాజు పేరు బ్రాహ్మీ లిపిలో ఉన్నా, సంతలో బేరమాడే మనిషి గుర్తుపట్టేది ఏనుగునే అనుకుంటాను.

పంది కథ వేంగి చాళుక్యులది. వరాహం వారి రాజలాంఛనం. 11వ శతాబ్దిలో శక్తివర్మ, ఆ తరువాత రాజరాజనరేంద్రుడు వేయించిన బంగారు నాణేలు వెడల్పుగా, రేకులాగా పలుచగా ఉంటాయి. మొత్తం బొమ్మను ఒకే అచ్చుతో కొట్టలేదు. నడుమ వరాహం ఒక ముద్ర, చుట్టూ ఒక్కో అక్షరం ఒక్కో ముద్ర. వెనకవైపు ఖాళీ. పలుచని రేకు చిరగకుండా అన్ని దెబ్బలు వేయడం, అక్షరాలను గుండ్రంగా కుదర్చడం తేలిక పని కాదు. శక్తివర్మ నాణెం మీద చాళుక్యచంద్ర అన్న బిరుదు చదువుకోవచ్చు. ఈ నాణేలు సముద్రం దాటి బర్మాలోని అరకాన్ తీరంలోనూ, సయాంలోనూ దొరికాయి. నన్నయ భారతం మొదలుపెట్టిన కొలువు సొమ్ము అంత దూరం వెళ్లిందన్నమాట!

తరువాత విజయనగర రాజులు వేయించిన బంగారు నాణెం సుమారు 3.4 గ్రాములు. కృష్ణదేవరాయల దానిమీద బాలకృష్ణుడు, అచ్యుతరాయల దానిమీద ఏనుగులను పట్టిన గండభేరుండం. పంది ఎక్కడా లేదు, అయినా జనం వరహా అనే పిలిచారు. ఇంగ్లీషువాళ్లు దాన్నే పగోడా అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1818లో వెండి రూపాయి వచ్చాక దాని చలామణీ ముగిసింది.

రాజరాజు నాణేల మీద ఆయన పాలనలో ఎన్నో ఏడో కూడా ముద్రించి ఉంటుంది. కంసాలి మూసలోకి వెళ్తే బంగారం మిగులుతుంది, ఆ సంవత్సరం పోతుంది. పొలంలో ఇలాంటిది బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. పల్లెల్లో వ్యవసాయం చేస్తున్న మన బ్యాచ్‌ల మిత్రులకు ఇది పనికొస్తుందనే రాస్తున్నాను.