మతి చెదిరితే జైలే గతా?

కేసు లేదు, శిక్ష లేదు, వాయిదా లేదు. అయినా మనిషి జైల్లోనే ఉంటాడు. మతి చెదిరిందన్న ఒక్క కారణంతో ఇలా బంధించడం మన దేశంలో ఎనభై ఏళ్లకు పైగా సాగింది.

1912 నాటి చట్టం ప్రకారం, దిక్కులేక తిరిగే ‘పిచ్చివాణ్ణి’ పోలీసులు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న అద్దంకిలో అలాంటివాడు దొరికాడనుకుందాం. పట్టుకోవడం తేలికే. పంపేదెక్కడికి? ఉత్తరాన వాల్తేరు ఆసుపత్రి, దక్షిణాన మద్రాసు కీల్పాక్ ఆసుపత్రి. రెండూ 1871లో మొదలైనవే, రెండూ వందల కిలోమీటర్ల దూరంలోనివే. జైలు అంతకంటే దగ్గర.

నయమైనా విడుదల దక్కని వాళ్లున్నారు. అప్పటి బిహార్‌లోని హజారీబాగ్ జైల్లో అలా ఏళ్ల తరబడి మగ్గినవాళ్ల సంగతి 1982లో ఒక లేఖ ద్వారా సుప్రీంకోర్టుకు చేరింది. అస్సాంలో మచల్ లాలుంగ్‌ను 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ ఆసుపత్రిలో పెట్టారు. కోలుకున్నాడని 1967లో డాక్టర్లు చెబితే ఇంటికి కాదు, గువాహటి జైలుకు పంపారు. విచారణే జరగలేదు. 2005లో బయటికొచ్చేసరికి 54 ఏళ్లు గడిచిపోయాయి.

నేరం చేయని మానసిక రోగులను జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1993 ఆగస్టులో, షీలా బార్సే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో కోర్టు తరఫున పరిశీలన జరిపినవారిలో అమితా ఢాండా ఒకరు. తర్వాత ఆమె హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్‌లో ఆచార్యులయ్యారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకాస్త ముందుకెళ్లింది. వీధిలో కనిపించిన రోగిని పోలీసులు 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టనే కూడదు. ఖైదీల కోసం 103వ సెక్షన్ ఉంది. అందులో ఒక నిబంధన నాకు విడ్డూరంగా తోస్తుంది. జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య బోర్డుకు నివేదిక పంపుతూ, తన జైల్లో మానసిక రోగులెవరూ లేరని ధ్రువీకరించాలి. ఉంటే ఈపాటికే చికిత్సకు తరలించి ఉండాలన్నది ఉద్దేశం. మంచిదే. కానీ మనోవైద్యుడు తొంగిచూడని జైల్లో ‘లేరు’ అని రాయడానికి ఆధారమేమిటి? కేకలేసేవాణ్ణి వార్డరు ఎలాగూ గమనిస్తాడు, బహుశా లాఠీతోనే. మూలన కూర్చుని అన్నం ముట్టనివాడు మాత్రం బుద్ధిమంతుడి కింద లెక్కవుతాడు.

చట్టం రాసినవాళ్లకూ ఈ అనుమానం ఉన్నట్టుంది. బోర్డు స్వయంగా జైలుకు వెళ్లి, రోగిని ఇంకా ఇక్కడే ఎందుకు ఉంచారని ఆ వైద్యాధికారిని నిలదీయవచ్చని అదే సెక్షన్‌లో రాశారు.