కృత్రిమ మేధ విధానాలు: అంతర్జాతీయ పోటీ, సహకారం

కృత్రిమ మేధ (ఏఐ) పరిశోధన, పరిశ్రమ, నియంత్రణల విషయంలో దేశాలు రూపొందించిన విధానాలు, వాటి మధ్య సాగిన పోటీ, కుదిరిన ఒప్పందాల చరిత్ర ఇది. ప్రభుత్వాల మధ్య ఈ పోటీ బాహాటంగా మొదలైంది 1980లలో, జపాన్ ప్రకటించిన అయిదో తరం కంప్యూటర్ పథకంతో. ఒక దేశం పథకం ప్రకటించడం, మిగతావి ఖజానాలు తెరవడం, ఆ పోటీ ఒత్తిడికే ఉమ్మడి సంస్థలు పుట్టుకురావడం అన్న వరస అప్పుడే ఏర్పడింది. 2016 తర్వాతి పరిణామాలు కూడా చాలావరకు అదే వరసలో నడిచాయి.

తొలి దశ (1956–1980)

1956 వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ మెకార్తీ, మార్విన్ మిన్‌స్కీ తదితరులు జరిపిన సమావేశంతో ఈ రంగానికి పేరు స్థిరపడింది. అమెరికాలో పరిశోధనకు నిధులు ప్రధానంగా రక్షణ శాఖ ద్వారానే అందేవి. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్నా శాస్త్రవేత్తల మధ్య సంబంధాలు తెగిపోలేదు. 1966–67లో స్టాన్‌ఫర్డ్‌లోని మెకార్తీ బృందం కంప్యూటర్‌కూ, మాస్కోలోని ఒక భౌతికశాస్త్ర సంస్థ కంప్యూటర్‌కూ చదరంగం పోటీ జరిగింది. ఎత్తులు టెలిగ్రాముల్లో అటూ ఇటూ వెళ్లేవి. నాలుగు ఆటలు ముగియడానికి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. సోవియట్ పక్షం రెండు గెలిచి, రెండు డ్రా చేసుకుంది. 1975లో అంతర్జాతీయ ఏఐ మహాసభ (ఐజేసీఏఐ) సోవియట్ యూనియన్‌లోని తిబిలిసిలోనే జరిగింది.

అయిదో తరం పోటీ (1981–1992)

1981 అక్టోబరులో టోక్యోలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో జపాన్ తన పథకాన్ని లోకం ముందు పెట్టింది. తర్కం ఆధారంగా ఆలోచించి, మనిషి భాషను అర్థం చేసుకునే యంత్రాలను పదేళ్లలో తయారుచేయాలన్నది లక్ష్యం. అంతర్జాతీయ వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ (మిటి) అండతో 1982 ఏప్రిల్‌లో ఐకాట్ అనే సంస్థ ఏర్పడింది. ఫుజిత్సు, హిటాచి, ఎన్ఈసీ, మిత్సుబిషి, తోషిబా సహా ఎనిమిది కంపెనీలు తమ ఉద్యోగులను అక్కడికి పంపాయి. బయట ఒకరి మార్కెట్‌ను ఒకరు లాక్కునే ఈ కంపెనీల మనుషులు ఐకాట్‌లో మాత్రం ఒకే కప్పు కింద పనిచేశారు. డైరెక్టర్ కజుహిరో ఫుచి దార్శనికుడు. కొత్త ఆలోచన కుర్రవాళ్లకే పట్టుబడుతుందని నమ్మి, 35 ఏళ్లలోపు వారినే పంపమని పట్టుబట్టాడు.

జపాన్ అప్పటిదాకా ఐబీఎం యంత్రాలకు నకళ్లు చేస్తోందన్న విమర్శ ఉండేది. ఈ పథకం దానికి సమాధానం కూడా. అయినా పథకానికి పునాది వేసిన ప్రోలాగ్ ప్రోగ్రామింగ్ భాష ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో పుట్టినదే. ఐకాట్ విదేశీ పరిశోధకులను ఆహ్వానించింది, తన ఫలితాలను అంతర్జాతీయ సదస్సుల్లో బయటపెట్టింది.

ఇతర దేశాలు మాత్రం దీన్ని సవాలుగానే తీసుకున్నాయి. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్, పమేలా మెకార్డక్‌తో కలిసి 1983లో రాసిన ‘ది ఫిఫ్త్ జనరేషన్’ అమెరికా వెనకబడిపోతుందని హెచ్చరించింది. అదే ఏడాది అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ‘స్ట్రాటజిక్ కంప్యూటింగ్’ కార్యక్రమం ప్రారంభించి, పదేళ్లలో సుమారు 100 కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. అమెరికన్ కంపెనీలు ఎంసీసీ అనే ఉమ్మడి పరిశోధన సంస్థ పెట్టుకుని, జాతీయ భద్రతా సంస్థ మాజీ అధిపతి బాబీ ఇన్‌మన్‌కు పగ్గాలిచ్చాయి. పోటీ కంపెనీలు ఇలా కలిస్తే గుత్తాధిపత్య నిరోధక చట్టాలు అడ్డురాకుండా 1984లో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది. బ్రిటన్ 35 కోట్ల పౌండ్లతో ఆల్వీ కార్యక్రమాన్ని, ఐరోపా ఆర్థిక సమాజం 1984లో ఎస్ప్రిని చేపట్టాయి. సభ్యదేశాల కంపెనీలు, విశ్వవిద్యాలయాలు సరిహద్దులు దాటి జట్టుకడితేనే ఎస్ప్రి నిధులు దక్కేవి.

ఈ దశలో చెప్పుకోదగిన తెలుగువాడు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మెకార్తీ దగ్గర పరిశోధన చేసి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ సంస్థకు 1979లో వ్యవస్థాపక డైరెక్టర్ అయ్యాడు. కంప్యూటర్లను పేద దేశాలకు చేర్చాలని ఫ్రాన్స్ ప్రభుత్వం పారిస్‌లో నెలకొల్పిన అంతర్జాతీయ కేంద్రానికి ముఖ్య శాస్త్రవేత్తగానూ ఉన్నాడు. ఈ సేవకు 1984లో అధ్యక్షుడు మిత్తెరాఁ ఆయనకు లెజియన్ ఆఫ్ ఆనర్ ప్రదానం చేశాడు. 1994 ట్యూరింగ్ పురస్కారాన్ని ఫైగెన్‌బామ్, రెడ్డి కలిసి అందుకున్నారు.

భారత్ 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో జ్ఞానాధారిత కంప్యూటర్ వ్యవస్థల (కేబీసీఎస్) పథకం మొదలుపెట్టింది. ఐఐటీ మద్రాస్, ఐఐఎస్సీ, టీఐఎఫ్ఆర్ వంటి సంస్థలు అందులో పాలుపంచుకున్నాయి.

ఐకాట్ దాదాపు 5,400 కోట్ల యెన్లు ఖర్చుచేసింది. మార్కెట్లో నిలిచే యంత్రం మాత్రం రాలేదు. ఈలోగా మామూలు చిప్‌లే వేగంలో ముందుకు దూసుకుపోయాయి. 1992లో పథకం ముగిసినప్పుడు జపాన్ ఆ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చింది. పథకం తయారుచేసిన యంత్రాల కంటే తీర్చిదిద్దిన పరిశోధకుల తరం విలువైనదన్న అభిప్రాయం సమంజసమైనది.

1993–2015

ఈ రెండు దశాబ్దాల్లో పరిశోధన విశ్వవిద్యాలయాల్లో, ఇంటర్నెట్ కంపెనీల్లో సాగింది. 2007 జనవరిలో ఐజేసీఏఐ మహాసభ హైదరాబాద్‌లో జరిగింది.

రెండో పోటీ (2016–2022)

2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో అనే ఏఐ ప్రోగ్రాం గో క్రీడాకారుడు లీ సెడోల్‌ను 4–1తో ఓడించింది. మరుసటి ఏడాది చైనాలోని ఉజెన్‌లో ఆ దేశపు గో క్రీడాకారుడు కె జియె దాని చేతిలో 3–0తో ఓడాడు. 2017 జూలైలో చైనా మంత్రిమండలి కొత్త తరం ఏఐ అభివృద్ధి ప్రణాళిక విడుదల చేసింది. 2030 నాటికి ఈ రంగంలో ప్రపంచ ప్రధాన కేంద్రం కావాలన్నది దాని గురి. అంతకు కొద్ది నెలల ముందే కెనడా జాతీయ వ్యూహం ప్రకటించింది. 2018లో ఫ్రాన్స్, భారత్ (నీతి ఆయోగ్ పత్రం), 2019లో అమెరికా అదే బాట పట్టాయి.

సహకారమూ అదే కాలంలో రూపు కట్టింది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) ఏఐ సూత్రాలను 2019 మేలో ఆమోదించారు. మరుసటి నెలలో చైనా కూడా సభ్యురాలైన జీ20 వాటి ఆధారంగానే తన సూత్రాలు ప్రకటించింది. 2020 జూన్‌లో భారత్ సహా 15 సభ్యులతో గ్లోబల్ పార్ట్‌నర్‌షిప్ ఆన్ ఏఐ (జీపీఏఐ) ఏర్పడింది. 2021 నవంబరులో యునెస్కోలోని 193 సభ్యదేశాలు ఏఐ నైతికతపై సిఫార్సును ఆమోదించాయి.

2022 అక్టోబరు 7న అమెరికా అత్యాధునిక చిప్‌లు, వాటి తయారీ పరికరాలు చైనాకు చేరకుండా ఆంక్షలు విధించింది. అమెరికన్ చిప్ కంపెనీ ఎన్విడియా తన ఏ100 చిప్‌లో సమాచార మార్పిడి వేగం తగ్గించి, చైనా కోసం ఏ800 తయారుచేసింది. ఏడాది తిరిగేసరికి అమెరికా దానినీ ఆపేసింది. తయారీ పరికరాలకు పేరుపడ్డ నెదర్లాండ్స్, జపాన్ కూడా 2023లో ఎగుమతులపై పరిమితులు పెట్టాయి.

శిఖరాగ్ర సదస్సులు (2023 తర్వాత)

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలయ్యాక విధానకర్తల్లో కదలిక పెరిగింది. 2023 నవంబరు 1, 2 తేదీల్లో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో జరిగిన సదస్సులో 28 దేశాలు, ఐరోపా సమాఖ్య భద్రతా ప్రకటనపై సమ్మతి తెలిపాయి. అమెరికా, చైనా రెండూ ఆ పత్రంలో ఉండడం విశేషం. 2024 మేలో సియోల్, 2025 ఫిబ్రవరిలో పారిస్ సదస్సులు జరిగాయి. భారత్ సహాధ్యక్షత వహించిన పారిస్ సదస్సు ప్రకటనపై అమెరికా, బ్రిటన్ సంతకం చేయలేదు.

ఐరోపా సమాఖ్య ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. నిషిద్ధ వినియోగాలకు గరిష్ఠ జరిమానా 3.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 7 శాతం, ఏది ఎక్కువైతే అది. 2024 నవంబరులో లిమాలో బైడెన్, షీ జిన్‌పింగ్ అణ్వాయుధాల వినియోగ నిర్ణయం ఏఐ చేతిలో కాక మనిషి చేతిలోనే ఉండాలని అంగీకరించారు. 2025 జనవరిలో చైనా కంపెనీ డీప్‌సీక్ విడుదల చేసిన ఆర్1 ఏఐ మోడల్ దెబ్బకు ఎన్విడియా మార్కెట్ విలువ ఒక్కరోజులో దాదాపు 59,000 కోట్ల డాలర్లు తగ్గింది. చిప్‌ల ఆంక్షలు ఎంతవరకు పనిచేస్తున్నాయన్న చర్చ దీంతో పదునెక్కింది. ఆ జూలైలో అమెరికా తన కార్యాచరణ ప్రణాళికను, మూడు రోజుల తేడాతో చైనా ప్రపంచ ఏఐ సహకార సంస్థ ప్రతిపాదనను ముందుకు తెచ్చాయి.

భారత్, తెలుగు రాష్ట్రాలు

కేంద్ర మంత్రివర్గం 2024 మార్చిలో 10,371.92 కోట్ల రూపాయలతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించింది. తెలంగాణ 2020ని ఏఐ సంవత్సరంగా ప్రకటించి, 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సు నిర్వహించింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ కేంద్రం స్థాపిస్తామని ప్రకటించింది.

ఒప్పందాల స్థితి

ఇప్పటిదాకా వచ్చిన అంతర్జాతీయ పత్రాల్లో ఎక్కువ భాగం స్వచ్ఛందమైనవే. సంతకం చేసి, ధ్రువీకరించిన దేశాలను చట్టబద్ధంగా కట్టిపడేసేది ఐరోపా మండలి ఏఐ ఒడంబడిక. 2024 సెప్టెంబరు 5న విల్నియస్‌లో సంతకాలకు పెట్టిన ఈ ఒడంబడికపై అమెరికా, బ్రిటన్, ఐరోపా సమాఖ్య మొదటి రోజే సంతకం చేశాయి. జాతీయ రక్షణ దాని పరిధిలో లేదు. చైనా, భారత్ దాని చర్చల్లో పాల్గొనలేదు. 2025 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 40 మంది సభ్యుల స్వతంత్ర శాస్త్రీయ మండలిని, ఏఐ పాలనపై అంతర్జాతీయ చర్చావేదికను ఏర్పాటు చేసింది. అన్ని సభ్యదేశాలకూ చోటున్న వేదిక అదే అయినా, దాని నిర్ణయాలను అమలుచేయించే అధికారం దానికి లేదు.