అమ్మ జీతం చీటీలో 90 రూపాయలు
(మన శ్రమ చరిత్ర - 7)

పోయిన భాగంలో ఎనిమిది గంటల పని గురించి మాట్లాడుకున్నాం. ఈసారి జ్వరం గురించి. కూలోడికి జ్వరమొస్తే ఆ రోజు కూలి ఎవరివ్వాలి?

మా అమ్మ ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద ఊడ్చే పని చేసేది. నెలకు 12,000. చీటీలో 'ఈఎస్ఐ 90' అని కోత. ఆమెకు టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచాన పడ్డప్పుడు డిస్పెన్సరీకి తీసుకుపోయాను. నీ పేరు మీద డబ్బే జమ కాలేదన్నారు. టైఫాయిడ్ కంటే ఆ మాటకే ఆమె ఎక్కువ నీరసపడింది. ఆ రోజు నుంచే నేను ఈ చట్టం చదవడం మొదలుపెట్టాను.

ఈఎస్ఐని అంబేడ్కర్ ఒక్కరే తెచ్చారని పోస్టులు తిరుగుతుంటాయి. నిజం ఇంకాస్త పొడుగుంది. 1942లో బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ అయ్యారు. ఆ కాలంలోనే కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని ప్రొఫెసర్ అదార్కర్‌కు అప్పగించారు. 1944లో ఆయన నివేదిక వచ్చింది. 1948లో చట్టం అయ్యేనాటికి కార్మిక మంత్రి బాబూ జగ్జీవన్ రామ్. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో పథకం మొదలైంది. ఇద్దరు దళిత నాయకుల చేతుల మీదుగా నడిచిన చట్టమిది. అయినా సీజనల్ ఫ్యాక్టరీలు, పొలం కూలీలు బయటే ఉండిపోయారు. అంటే మనవాళ్లలో ఎక్కువమంది.

ఇప్పుడు లెక్క. 21,000 లోపు జీతగాళ్లకు 2019 జూలై నుంచి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడిది 0.75. అమ్మ జీతం మీద యజమాని 390, అమ్మ 90. మొత్తం 480 తర్వాతి నెల 15లోగా కట్టాలి. జబ్బు రోజుల డబ్బు యజమాని జేబులోంచి ఇవ్వడు, కార్పొరేషన్ ఇస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కనీసం 78 రోజుల చందా ఉంటే, తర్వాతి జనవరి-జూన్‌లో హక్కు వస్తుంది. సగటు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. రోజుకు 400 వచ్చే మనిషికి 280.

అసలు కీలకం 40వ సెక్షన్. కాంట్రాక్టరు పెట్టిన మనిషికి కూడా ముందుగా కట్టాల్సింది అసలు యజమానే. తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. తన 3.25ను మన జీతంలో కోయడానికి వీల్లేదు. మన దగ్గర కోసి కట్టకపోతే 85వ సెక్షన్ కింద కనీసం ఏడాది జైలు. జబ్బు భత్యం తీసుకుంటున్న రోజుల్లో పనిలోంచి తీసేయడానికి వీల్లేదని 73వ సెక్షన్. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్‌లోకి ఈ చట్టాన్ని కలిపారు. సెక్షన్ల నంబర్లు మారినా హక్కును మరవొద్దు.

కాంట్రాక్టరు మారాడు అని కంపెనీ వాళ్లంటే ఆ రోజు మేం తలూపి వచ్చేశాం. 40వ సెక్షన్ తెలిసుంటే గేటు దగ్గరే నిలబడేవాళ్లం. నష్టపోయింది మూడు వారాల కూలి మాత్రమే కాదు, అడిగే ధైర్యం కూడా.

చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ ఆదివారం ఇంట్లో జీతం చీటీ చూడండి. కోత ఉంటే, జమ అయిందో లేదో ఈఎస్ఐ నంబరుతో కనుక్కోండి. అమ్మలకు సెక్షన్లు తెలియకపోవచ్చు. మనకు తెలియాలి.