త్యాగయ్యకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన క్యాసెట్

ఇళయరాజా సినిమాల బయట చేసిన మొదటి ఆల్బమ్ 'హౌ టు నేమ్ ఇట్?'. 1986లో వచ్చింది. అందులో హీరో లేడు, సన్నివేశం లేదు, సాహిత్యం లేదు. పది వాద్య రచనలున్నాయి, అంతే. వాటిని ఆయన ఇద్దరికి అంకితమిచ్చారు. ఒకరు తిరువయ్యారు త్యాగరాజస్వామి, ఇంకొకరు జర్మనీ దేశపు యొహాన్ సెబాస్టియన్ బాఖ్. బ్యాండునూ ఆర్కెస్ట్రానూ ఒక్కచోట కూర్చోబెట్టిన గొప్ప ఆల్బమ్‌ల గురించి రాసేవాళ్లు లండన్‌లో మొదలుపెట్టి లండన్‌లోనే ముగిస్తారు. ఆ వరుసలో ఈ క్యాసెట్టుకు దక్కాల్సిన పీట దక్కలేదని నా బాధ. ముఖ్యంగా మన తెలుగువాళ్లు దీన్ని మన ఆస్తిగా చూడలేదని ఇంకా పెద్ద బాధ.

మాది చాకవేలు. బాగేపల్లి, చింతామణి మాకు సంత ఊళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, రేడియోలో కడప కేంద్రం. మా నాయన పెండ్లి బ్యాండ్‌సెట్టులో క్లారినెట్ ఊదేవాడు. స్వరం రాసుకోవడం ఆయనకు తెలీదు, చెవే ఆయన పుస్తకం. నేను జాత్రలకూ గణేశ పండుగలకూ పాటకచేరీలు చేసే బృందంలో కీబోర్డు వాయించేవాణ్ణి. తర్వాత బెంగళూరులో ఒక చర్చి ఆర్గానిస్టు దగ్గర ఐదు గీతల నొటేషన్ నేర్చుకున్నాను. ఈ క్యాసెట్టు నా చేతికి చింతామణిలో ఒక అంగడిలో దొరికింది. సినిమా పేరు లేని ఇళయరాజా క్యాసెట్టును అక్కడ ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ముందు లండన్ సంగతి చెప్పాలి. 1967లో మూడీ బ్లూస్ వాళ్లు 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' తెచ్చారు. తెల్లవారడం నుంచి రాత్రి దాకా ఒక రోజును పాటలుగా పేర్చి, ఆ పాటల మధ్య పీటర్ నైట్ రాసిన ఆర్కెస్ట్రా భాగాలను అతికారు. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. కానీ శ్రద్ధగా వింటే బ్యాండు ఆగినప్పుడు ఆర్కెస్ట్రా, ఆర్కెస్ట్రా ఆగినప్పుడు బ్యాండు. ఇద్దరూ ఒక్క శ్వాసలో పలికేది చాలా తక్కువ. 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో డీప్ పర్పుల్ బ్యాండు రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించింది. రచన ఆ బ్యాండు ఆర్గాన్ వాద్యగాడు జాన్ లార్డ్‌ది, నడిపించినవాడు మాల్కమ్ ఆర్నల్డ్. మూడు భాగాల ఆ రచనలో మొదటి భాగాన్ని లార్డ్ కావాలనే ఇరుపక్షాల పోరాటంగా మలిచాడు. ఆ స్కోరు 1970లో పోయింది. ఒక అభిమాని రికార్డింగ్ విని విని మళ్లీ రాసి పెడితే, 1999లో అదే హాల్లో తిరిగి వాయించారు. సంగీతం మీద అంత ప్రేమ చూపినవాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. ఆ రచన గొప్పతనమంతా ఆ పోరాటంలోనే ఉంది. రెండు సంగీతాలు ఒక కాపురంగా ఉండడం అందులో వినపడదు.

కాపురం చేయించే ప్రయత్నం మన వైపు అంతకు ముందే మొదలైంది. మద్రాసు పక్కన మణలిలో బాలుస్వామి దీక్షితులు దొరల దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. 1859లో కాలం చేసిన ఆయన, తెల్లవాళ్ల వాద్యాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన మొదటివారిలో ఒకరు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు కంపెనీ బ్యాండు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నోటు స్వరాలు. త్యాగయ్య 'వరలీల గానలోల' కూడా ఆ గాలి సోకిన కీర్తనే. మన సంగీతానికి బ్యాండు కొత్త చుట్టం కాదు, రెండు వందల ఏళ్ల పరిచయం.

మా ప్రాంతం పాత మైసూరు సంస్థానంలో కోలారు జిల్లా కింద ఉండేది. చిక్కబళ్లాపురం జిల్లా అయింది 2007లో. కాబట్టి మైసూరు అరమన బ్యాండు మాకు పరాయిది కాదు. నాలుగో కృష్ణరాజ ఒడయరు కాలంలో అరమనలో పాశ్చాత్య వాద్యబృందం ఒకటి, కర్ణాటక వాద్యబృందం ఒకటి ఉండేవి. మొదటిదాన్ని ఒట్టో ష్మిడ్ట్ అనే జర్మన్ తీర్చిదిద్దితే, రెండోదాన్ని వీణ వెంకటగిరియప్ప నడిపించారు. తర్వాత గద్దెనెక్కిన జయచామరాజేంద్ర ఒడయరు 94 కృతులు రాసినవారు. అదే మనిషి రష్యన్ స్వరకర్త మెట్నర్ రచనలు రికార్డు చేయించడానికి 1948లో సొంత డబ్బు పెట్టారు. 1950 మే 22న రిచర్డ్ స్ట్రాస్ చివరి నాలుగు పాటలు రాయల్ ఆల్బర్ట్ హాల్లో మొదటిసారి వినిపించడానికీ ఆయన ఇచ్చిన పూచీయే ఆధారం. ఇంత చేసినా అరమనలో రెండు బృందాలూ రెండుగానే ఉండిపోయాయి. దసరాకు ఒకటి, దొరల విందుకు ఒకటి.

ఆ రెంటినీ ఒక గదిలోకి తోసింది మద్రాసు సినిమా. మన సాలూరి రాజేశ్వరరావు 1948 నాటి 'చంద్రలేఖ'లోనే పెద్ద వాద్యబృందాన్ని ఉపయోగించారు. తర్వాత ప్రతి స్టూడియోలోనూ వయొలిన్ల వరుస, దాని వెనక గిటారు, డ్రమ్ములు, ఆ పక్కనే తబలా, మృదంగం, వేణువు. ఈ కొలిమిలోకే 1968లో పణ్ణైపురం నుంచి ఇళయరాజా వచ్చారు. ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం, నొటేషన్ నేర్చుకున్నారు. కన్నడ సినిమాల సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా చేశారు. వెంకటేశ్ హైదరాబాదులో పుట్టి, మద్రాసులో పని చేసి, కన్నడనాట ఇంటింటికీ చేరినవారు. 1972లో వచ్చిన 'బంగారద మనుష్య' పాటలు ఆయనవే. మా నాయన క్లారినెట్ మీద మా ఊరి పెండ్లిండ్లలో ఆ పాటలు ఎన్నిసార్లు వినుంటానో! వెంకటేశ్ పనిచేసిన సినిమాల్లో గిటారు పట్టుకుని ఒక మూల కూర్చున్న ఆ కుర్రాడు అసలు గురుకులం అక్కడే చదివాడనేది నా అభిప్రాయం. 1976లో 'అన్నక్కిళి'తో స్వతంత్రుడయ్యాడు. పదేళ్లు తిరిగేసరికి తెలుగులో 'సాగర సంగమం', 'సితార', 'స్వాతిముత్యం' మన చెవుల్లో నిండిపోయాయి.

ఆయన పని తీరు తెలిస్తేగానీ ఈ ఆల్బమ్ అర్థం కాదు. హార్మోనియం ముందు బాణీ పాడి సహాయకులకు వదిలేసే పద్ధతి కాదు. ప్రతి వాద్యానికీ ఆయనే కాగితం మీద స్వరం రాస్తారు. మొదటి వయొలిన్లకు ఒక వరుస, రెండో వయొలిన్లకు ఇంకొకటి, వయోలాకూ చెల్లోకూ వేరువేరు, బేస్ గిటారుకు వేరే. కాపీ చేసేవాళ్లు ఎవరి భాగం వాళ్లకు విడగొట్టి ఇస్తారు. వాద్యగాళ్లు చూసి వాయిస్తారు. ఈ అలవాటు ఉన్నవాడే గాయకుడూ కథా లేకుండా పది రచనలు నిలబెట్టగలడు.

ఇక వయొలిన్. పాశ్చాత్యులు దాన్ని గడ్డం కింద పెట్టుకుని నిలకడగా ఉండే స్వరాలు పలికిస్తారు. మనవాళ్లు నేల మీద కూర్చుని, కొసను చీలమండ దగ్గర ఆనించి, తీగలను స-ప-స-ప గా శ్రుతి చేసుకుని గమకాలు పలికిస్తారు. ఒకే కర్రముక్క, రెండు లోకాలు. మద్రాసు స్టూడియోల్లో ఈ రెండు లోకాలూ తెలిసిన వాద్యగాళ్లు తయారయ్యారు. వాళ్లలో వి.ఎస్. నరసింహన్ ఒకరు. ఈ ఆల్బమ్‌లో ప్రధాన వయొలిన్ ఆయనది. 1993లో మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ పెట్టింది కూడా ఆయనే. స్వరం గీత మీద రాసి ఉంటుంది, గమకం వేలిలో ఉంటుంది. ఈ వేళ్లు లండన్‌లో దొరకవు. అందుకే ఈ పని మద్రాసులోనే జరగగలిగింది.

పది రచనల్లో ఒకటి ఫ్యూగ్ పద్ధతిలో ఉంది, పేరు 'మ్యాడ్ మాడ్ మూడ్ ఫ్యూగ్'. ఫ్యూగ్ అంటే ఏమిటో మా ప్రాంతపు తత్వకవి కైవారం తాతయ్య తత్వాలు పాడే భజన బృందాన్ని తలుచుకుంటే తెలుస్తుంది. ముందు పాడేవాడు ఒక పాదం అందుకుంటాడు, వెనకవాళ్లు అదే పాదం ఎత్తుకుంటారు. భజనలో ముందువాడు ఆగి వెనకవాళ్లకు దారి ఇస్తాడు. ఫ్యూగ్‌లో ముందువాడు ఆగడు. షడ్జం మీద మొదలైన పాదాన్ని రెండో గొంతు పంచమం మీద అందుకుంటుంది, మొదటి గొంతు కొత్త మాట చెబుతూనే ఉంటుంది. తర్వాత మూడోది దిగుతుంది.

దీన్ని రాగంలో చేయడం ఎందుకు కష్టమంటే, పాదాన్ని పంచమానికి జరిపితే రాగంలో లేని స్వరం తగలొచ్చు, తగిలితే రాగం చచ్చిపోతుంది. కానీ కొన్ని రాగాల నడుము సరిగ్గా మధ్యలో ఉంటుంది. మాయామాళవగౌళ తీసుకోండి. పిల్లలకు సరళీ వరుసలు చెప్పే రాగం. స నుంచి మ దాకా ఎంతెంత దూరాలున్నాయో, ప నుంచి పై స దాకా సరిగ్గా అవే దూరాలు. తోడి అంతే, ఖరహరప్రియ అంతే, శంకరాభరణం అంతే. ఇలాంటి రాగంలో కింది సగంలో కట్టిన పాదాన్ని పంచమం మీదికి ఎత్తితే రాగం చెక్కు చెదరదు. కీబోర్డు మీద వేళ్లు పెట్టి ఈ సంగతి నాకు నేనుగా పట్టుకున్న రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. బాఖ్ లైప్‌జిగ్ చర్చిలో కట్టిన కోటకూ, మన బడిపిల్లలు గొంతు సవరించుకునే స-రి-గ-మ కూ పునాది రాయి ఒకటే అనిపించింది.

ఆల్బమ్‌లో నాకు ప్రాణమైంది 'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్'. బాఖ్ 1720లో సిద్ధం చేసిన ఒంటరి వయొలిన్ రచనల్లో మూడో పార్టీటా ఉంది. దాని మొదటి భాగం, ప్రెల్యూడ్, ఆగకుండా పరుగెత్తే స్వరాల ధార. విశ్రాంతి ఉండదు. ఇళయరాజా దాన్ని మార్చలేదు, కత్తిరించలేదు. అది తన దారిన పోతూ ఉంటే, దాని మీద గమకాలతో, తాపీగా, మన నడకలో ఇంకో వయొలిన్ వరుసను పరిచారు. కింద పరుగు, మీద నిదానం. ఏదీ దేనికీ దారి ఇవ్వదు, ఏదీ దేన్నీ తొక్కదు. లండన్ ఆల్బమ్‌లలో నాకు కొరతగా తోచింది ఇదే, ఇక్కడ దొరికింది ఇదే.

అపచారం అన్నవాళ్లున్నారు, బాఖ్ మీద ఇంకొకడు రాయడమేమిటని. బాఖే 1731లో అదే ప్రెల్యూడ్‌ను తీసుకుని, ఒంటరి వయొలిన్ వరుసను ఆర్గాన్‌కు ఇచ్చి, చుట్టూ బూరలూ నగారాలూ చేర్చి ఒక చర్చి గీతానికి ముందుమాటగా పెట్టుకున్నాడు. రచన మూసిన పెట్టె అని ఆయనే అనుకోలేదు. త్యాగయ్య మాత్రం అనుకున్నారా? ఒకే పాదాన్ని పదిసార్లు పది రకాలుగా పెంచుకుంటూ పోవడం ఆయన కీర్తనల ప్రాణం. 1750లో ఒకాయన వెళ్లిపోయారు, 1767లో ఇంకొకాయన పుట్టారు. ఇద్దరూ దైవం కోసం పాట కట్టినవాళ్లే, ఒకరి పేరు ఒకరికి తెలీదు.

విడుదలైనప్పుడు దీన్ని ఏ అరలో పెట్టాలో అంగళ్లవాళ్లకు తోచలేదు. సినిమావాళ్లకు మాత్రం వెంటనే అందింది. 1988లో బాలు మహేంద్ర తన 'వీడు' చిత్రానికి విడిగా నేపథ్య సంగీతం చేయించకుండా ఇందులోని రచనలనే వాడుకున్నారు. అదే ఏడు ఇళయరాజా హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో 'నథింగ్ బట్ విండ్' చేశారు. 1993లో లండన్ రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో సింఫనీ చేశారు. అంటే జాన్ లార్డ్ పనిచేసిన ఆర్కెస్ట్రాతోనే. 2005లో బుడాపెస్ట్ ఆర్కెస్ట్రాతో 'తిరువాసగం' వచ్చింది. 2025 మార్చి 8న లండన్‌లో 'వేలియంట్' సింఫనీని ప్రేక్షకుల ముందు వినిపించారు. ఎనభై దాటిన వయసులో అది మామూలు విషయం కాదు. అయినా వీటన్నిటికీ తల్లివేరు 1986 నాటిదే. తర్వాతివి ఆకారంలో పెద్దవి. ఒక్క వరుస కూడా వృథా పోకుండా రాసిన రచన కావాలంటే నేను ఇప్పటికీ ఈ క్యాసెట్టు దగ్గరికే వస్తాను.

త్యాగయ్య తమిళ నేల మీద తెలుగులో పాడారు. కైవారం తాతయ్య కన్నడ నేల మీద తెలుగులో పాడారు. ఒక తమిళుడు మాట లేకుండా ఆ త్యాగయ్యను పలకరించాడు. ఆ పది రచనల్లో 'ఛాంబర్ వెల్కమ్స్ త్యాగరాజ' అని ఒక రచనే ఉంది. తెలుగు సంగీత చరిత్ర రాసేవాళ్లు కీర్తనల దగ్గర, సినిమా పాటల దగ్గర ఆగిపోకుండా ఈ ఆల్బమ్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మీ ఇంట్లో వయొలిన్ గానీ కీబోర్డు గానీ నేర్చుకునే పిల్లలుంటే, సరళీ వరుసలు పూర్తయ్యాక ముందు బాఖ్ ప్రెల్యూడ్ ఒక్కటే వినిపించండి. వెంటనే 'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్' పెట్టండి. మొదటిసారి కింది వరుసను మాత్రమే పట్టుకొమ్మనండి, రెండోసారి మీది వరుసను. మూడోసారి రెండూ కలిపి వినడం వాళ్లకే వస్తుంది.